ఇస్ఫహాన్ తోమాన్: అక్షరాలు అద్భుతం, అంచు మీద టంకం

ఇరాన్‌ను ఏలిన ఖజార్ వంశీయుడైన ఫత్ అలీ షా (1797–1834) కాలంలో, హిజ్రీ 1233లో ఆ దేశపు ఇస్ఫహాను నగరంలో ముద్రించిన తోమాను అనే బంగారు నాణేన్ని ఇటీవల ఒక వేలం సంస్థ ద్వారా తెప్పించుకున్నాను. సుమారు 4.6 గ్రాముల ఈ నాణెంపై రాజు బొమ్మ లేదు. 'సుల్తాను కుమారుడైన సుల్తాను' అన్న బిరుదును నస్తలీఖ్ అనే వాలు పారశీక లిపిలో, అక్షరాలను పడవల్లా సాగదీసి, పూలతీగల నడుమ పేర్చిన తీరును భూతద్దం కింద ఎంతసేపు చూసినా తనివి తీరదు. వెనుకవైపు, ఊరి పేరుకు ముందు, 'దారుస్సల్తనత్' (రాజ్యపీఠం) అన్న గౌరవపదం స్పష్టంగా చదవవచ్చు. సుత్తితో కొట్టిన నాణెం గనుక అచ్చు కాస్త పక్కకు జరగడాన్ని నేను లోపంగా ఎంచను. అంచు మీది టంకం మచ్చ సంగతి వేరు: మన కాసులపేరులో మాదిరిగా ఎవరో కొక్కెం అతికించి ధరించి, తరువాత తీయించారు. ఆ విషయం వేలం వివరాలలో లేదు. నిలదీసిన తరువాతే ధర కొంత తగ్గించారు. ఇకపై అంచు ఫోటో చూడనిదే వేలంపాట పాడను.