అమెరికా పాకమా, ఇంటి పాకమా: ఇంటికొచ్చి అరిసెలు వండే సర్వీస్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది హోటల్ రివ్యూ కాదు, స్వీట్ షాప్ రివ్యూ కూడా కాదు. సంక్రాంతికి ముందు మన ఇంటికే వచ్చి, మన గ్యాస్ మీద, మన మూకుట్లో, మన సరుకులతో పిండివంటలు వండిపెట్టి వెళ్తారు చూడండి, ఆ సర్వీస్ గురించి. కూకట్‌పల్లి, నిజాంపేట వైపు ఉండేవాళ్ళకి ఇదేం కొత్త కాదు. డిసెంబర్ సగం దాటిందంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ‘అరిసెలు చేసేవాళ్ళ నంబర్ ఎవరి దగ్గరైనా ఉందా’ అన్న మెసేజ్ రోజుకొకటైనా పడుతుంది. మాకు మాత్రం ఇదే మొదటిసారి.

మా అమ్మది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెళ్ళయి హైదరాబాద్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది, అయినా అరిసెలు బయట కొన్నామని ఊళ్ళో చెల్లెళ్ళకి చెప్పాలంటే ఇప్పటికీ నామోషీ. పోయినేడాది మోకాలి ఆపరేషన్ అయింది, పీట మీద కూర్చోవద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అన్నారు డాక్టర్. సరే కదా అని ఒక షాపు నుంచి రెండు కిలోలు తెప్పించాను, పేరు ఎందుకులెండి. డబ్బా మీద ‘నేతి అరిసెలు’ అని బంగారు రంగు అక్షరాలు, మూత తియ్యగానే కాగి కాగి ఉన్న నూనె కంపు. నాన్న ఒకటి తుంచబోయి, అది తునగక, ఇంట్లో సుత్తి ఉందా అని అడిగారు. ఆ డబ్బా శివరాత్రి దాకా ఫ్రిజ్ మీదే ఉంది.

అందుకని ఈసారి ముక్కోటి ఏకాదశి రాకముందే బుక్ చేసేశాను. తణుకు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వదినా మరదళ్ళు ఇద్దరు. మా పై ఫ్లోర్ వాళ్ళు మూడేళ్ళుగా వాళ్ళచేతే చేయిస్తున్నారట. లెక్క ఇలా ఉంటుంది: అరిసెలకి కిలో బియ్యానికి 250 రూపాయలు, జంతికలకి కిలో పిండికి 150, సరుకులన్నీ మనవే. కనీసం ఐదు కిలోల పని ఉంటేనే వస్తారు. 500 అడ్వాన్స్. పండగ ముందు వారాంతాలు క్రిస్మస్ సెలవుల్లోనే నిండిపోతాయని వాళ్ళలో వదిన (నేను అక్క అనే పిలుస్తాను) ముందే చెప్పింది, మాకు జనవరి 10, శనివారం దొరికింది. ఈ ఏడు 14న భోగి కాబట్టి సరిగ్గా సరిపోయింది.

సరుకుల లిస్టు వాయిస్ మెసేజ్‌లో పంపింది, అది విన్నాకే ఈవిడకి పని తెలుసని అమ్మ ఒప్పుకుంది. ఐదు కిలోల కొత్త బియ్యం, కిలోకి ముప్పావు చొప్పున బెల్లం, నువ్వులు పావు కిలో, గసగసాలు కొంచెం, నెయ్యి అర కిలో, నూనె ఆరు లీటర్లు. “అనకాపల్లి బెల్లం దొరికితే తెండి, తెల్లగా మెరిసేది మాత్రం వద్దండి, కాస్త ఎర్రగా ఉన్నదే పాకానికి మంచిది” అని చివర్లో ఒక మాట. అమ్మ ఆ ముక్క రెండుసార్లు పెట్టించుకుని విన్నది.

గురువారం రాత్రి బియ్యం నానబోశాం. శుక్రవారం రెండుసార్లు నీళ్ళు మార్చి, శనివారం తెల్లవారుజామున ఐదింటికి వడకట్టి, పాత నేత చీర మీద అరగంట ఆరబెట్టి, తడి తడిగా ఉండగానే మా ఆయన పిండిమరకి పట్టుకెళ్ళారు. పండగ రోజుల్లో మరల దగ్గర తడి బియ్యానికి వేరే మర, వేరే క్యూ. అక్కడ నలభై నిమిషాలు నిలబడి, పిండి గిన్నె మీద తడిబట్ట కప్పుకుని ఆయన ఏడింటికల్లా ఇంటికొచ్చేశారు.

వస్తామన్నవాళ్ళు మాత్రం రాలేదు.

ఇది నా మొదటి ఫిర్యాదు, చిన్నది కాదు. ఏడింటికి రావలసినవాళ్ళు ఎనిమిదిన్నరకి వచ్చారు. తెల్లారుజామునే ఇంకొక ఇంట్లో మొదలుపెట్టారట, అక్కడ గ్యాస్ అయిపోయిందట. మామూలు వంటైతే గంటన్నర ఆలస్యం పెద్ద విషయం కాదు. అరిసెల పిండి ఆరిపోతే పాకంలో కలవదు, ఉండ పగులుతుంది, నూనెలో వెయ్యగానే విడిపోతుంది. అమ్మ కుర్చీలో కూర్చుని పది నిమిషాలకొకసారి ఆ బట్ట తడిపిస్తూ, పిండి గట్టిగా అదిమిపెట్టిస్తూ, ఫోన్ చెయ్యి, ఫోన్ చెయ్యి అని నన్ను చంపేసింది. ఆవిడేమో ఫోన్ ఎత్తదు. ఎలా ఎత్తుతుంది, చేతినిండా పిండి.

వచ్చాక మాత్రం కబుర్లు లేవు. పెద్ద మూకుడు బాల్కనీలో మూడు కాళ్ళ పొయ్యి మీద, పాకం గిన్నె వంటింట్లో. బెల్లం కొట్టి, నీళ్ళు పోసి కరిగించి, వడగట్టి మళ్ళీ పొయ్యెక్కించగానే అక్క వెనక్కి తిరిగి అడిగింది: “అమెరికా పాకమా అండి, ఇంటి పాకమా?”

నాకు అర్థం కాలేదు. అమ్మకి కూడా కాలేదు, అది ఇంకా వింత. విషయం ఏంటంటే, వీళ్ళు వండే ఇళ్ళలో సగం మంది పిల్లలకి కొరియర్ చేసేవాళ్ళే. డబ్బా వెళ్ళడానికే వారం పడుతుంది, వెళ్ళాక వాళ్ళు పొదుపుగా నెల రోజులు తింటారు. లేత పాకమైతే దారిలో ముక్కలవుతాయి, త్వరగా బూజు పడతాయి. అందుకని పాకం ఇంకొంచెం ముదరనిచ్చి దించుతారు, గట్టిగా ఉన్నా నిలవుంటాయి. ఇంట్లో తినేవాటికి ఆ అవసరం లేదు, వేలితో తుంచితే తునగాలి. అలా రెండు పాకాలకీ వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఒక కిలో, మిగతా నాలుగూ ఇంటికేనని చెప్పాం. సరేనంది.

చెప్పినా అలవాటు పోదు కదండీ. మొదటి వాయి రెండు కిలోలది. అమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, పాకం గిన్నె ఆవిడకి కనిపించదు కూడా. ఉన్నట్టుండి “చప్పుడు మారింది, దించెయ్యమ్మా” అంది. నాకు ఏ తేడా వినిపించలేదు. అక్క “ఇంకొక్క నిమిషం అండి” అని ఇంకొక్క నిమిషం ఉంచింది. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేస్తే, ఉండ గట్టిగా చేతికొచ్చింది. అంతే, ఆ రెండు కిలోలూ అమెరికా పాకం అయిపోయాయి. తమ్ముడికి కిలో సరిపోతుందనుకున్నది రెండు కిలోలు రాసిపెట్టి ఉంది.

అక్క ఒప్పుకుంది, అది నాకు నచ్చింది. “నాదే పొరపాటండి అమ్మగారూ, రెండోది మీరే చూడండి” అని కుర్చీని పొయ్యి పక్కకి జరిపించింది. ఈసారి నేను దగ్గరుండి చూశాను. మొదట్లో బెల్లం నీళ్ళు పెద్ద పెద్ద బుడగలతో గలగలమంటాయి, పాకానికి వచ్చేసరికి బుడగలు చిన్నవై, దగ్గరపడి, చప్పుడు బరువుగా, గుబగుబమని మారుతుంది. అమ్మ చెప్పిన మార్పు అదే. గరిటెతో చుక్క తీసి నీళ్ళ పళ్ళెంలో వేస్తే అమ్మ మూడు వేళ్ళతో దాన్ని దగ్గరికి లాగింది, ఉండ అయింది, కానీ నొక్కితే అణిగింది, పళ్ళెం వాలిస్తే నెమ్మదిగా జారింది. “ఇప్పుడు” అంది. నెయ్యి పడింది, నువ్వులు పడ్డాయి, మరదలు పిండి జల్లుతుంటే వదిన తెడ్డుతో తిప్పడం మొదలుపెట్టింది.

డబ్బులు ఇవ్వాల్సింది నిజంగా ఈ పనికే. మూడు కిలోల బియ్యప్పిండి వేడి పాకంలో ఉండ కట్టకుండా కలపడమంటే మామూలు చేతుల వల్ల కాదు. మధ్యలో నేను సాయం చెయ్యబోయి పది తిప్పులు తిప్పేసరికి భుజం పట్టేసింది. అమ్మ ఇన్నేళ్ళు ఇది ఒక్కతే ఎలా చేసిందో, మేమేమో టీవీ ముందు కూర్చుని అయ్యాయా అయ్యాయా అని అరిచేవాళ్ళం.

అరిసెలు తట్టడానికి వాళ్ళు పాల ప్యాకెట్ కవర్లు కత్తిరించి తెచ్చుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు, వేడి వేడి చలిమిడి ప్లాస్టిక్ మీద ఏంటని అరిటాకు తెప్పించింది. మీరైతే ముందే తెచ్చిపెట్టుకోండి, ఆ సమయంలో అరిటాకు కోసం మార్కెట్‌కి పరిగెత్తడం మా ఆయనకి బాగా గుర్తుంటుంది. వేయించడం, నొక్కడం మాత్రం చూడముచ్చటగా చేశారు. ఒకరు నూనెలో తిప్పి పొంగించి ఎర్రబడగానే తీస్తారు, ఇంకొకరు అరిసెల చెక్కల మధ్య పెట్టి అదుముతారు, నూనె కింద గిన్నెలోకి ధారగా కారుతుంది. నొక్కడంలో ఎక్కడా కక్కుర్తి పడలేదు, వేలికి నూనె అంటలేదు. గసగసాలు అద్దినవి వేరేగా పాతిక చేశారు, అవి నాన్నకి. నాన్నకి షుగర్, సగం అరిసె మాత్రమే తింటానని రూలు పెట్టుకున్నారు. సాయంత్రానికి నాలుగు సగాలు అయ్యాయి.

మొత్తం 203 వచ్చాయి, తూకం వేస్తే తొమ్మిది కిలోలకి కాస్త తక్కువ. పాత చీర మీద పరిచి పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాల్లోకి ఎత్తాం. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి పాడైపోతాయి, ఇది వాళ్ళు వెళ్తూ వెళ్తూ కూడా గుర్తుచేశారు.

జంతికల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. కరకరలాడాయి, ఉప్పు తగ్గింది, వాము బాగా తగిలింది. మా పాపకి గుప్పెడు పిండి ఇచ్చి పక్కన కూర్చోబెడితే దాని పేరులో అక్షరాలు చుట్టింది, మరదలు విసుక్కోకుండా వాటిని కూడా వేయించి ఇచ్చింది. దీనికి అర స్టార్ అదనం.

మధ్యాహ్నం ఎదురు ఫ్లాట్ అక్క వచ్చి చూసింది. వాళ్ళది కరీంనగర్. వాళ్ళింట్లో ముందు రోజే కోడళ్ళతో కలిసి హాలంతా బట్ట పరిచి సకినాలు చుట్టారు. “గట్ల పైసలిచ్చి చేయించుకుంటే మజా ఏముంటది చెల్లె” అని నాకు క్లాసు పీకి, ఒక పళ్ళెం సకినాలు పెట్టి, ఎనిమిది అరిసెలు పట్టుకెళ్ళింది. మెత్తవే ఏరుకుంది, గమనించాను.

రెండో ఫిర్యాదు, వెళ్ళేటప్పటి హడావిడి. నాలుగింటికి ఇంకో ఇల్లు ఉందట. గిన్నెలు తోమారు కానీ పొయ్యి, బాల్కనీ గచ్చు అలాగే వదిలేశారు. పాకం ఎండితే ఎలా అంటుకుంటుందో తెలిసిందే కదా, వేడినీళ్ళు పోసి రాత్రి పదింటిదాకా గీకాను. శుభ్రం చెయ్యడం లెక్కలో ఉందో లేదో ముందే అడగాల్సింది, అడగలేదు, అది నా తప్పు కూడా. నూనె కూడా లీటరున్నర మిగిలింది, అంత తెమ్మనకుండా ఉండాల్సింది.

ఖర్చు చెప్తాను. కూలి అరిసెలకి 1,250, జంతికలకి 450, ఆటోకి 200. సరుకులు, మర ఆడించిన డబ్బులు కలిపి దాదాపు 2,200. వాళ్ళిద్దరి భోజనం మనదే, అమ్మ దొండకాయ వేపుడు చేయించింది. మొత్తం నాలుగు వేల చిల్లర. మా వైపు షాపుల్లో ఓ మాదిరి అరిసెలు కిలో 500 పైనే అంటున్నారు, ఆ లెక్కన తొమ్మిది కిలోల అరిసెలకే అంతకంటే ఎక్కువవుతుంది, జంతికలు వేరే. కానీ రోజంతా ఇల్లు పిండిమయం అవుతుంది, ఒకరు సెలవు పెట్టి దగ్గరుండాలి. అది కుదరనివాళ్ళు షాపులోనే కొనుక్కోవడం మేలు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆలస్యానికి ఒకటి కోశాను, పొయ్యికి అర కొయ్యాల్సింది, పాప అక్షరాల జంతికలు ఆ అరని కాపాడాయి.

కనుమ వెళ్ళిన నాలుగో రోజున తమ్ముడు ఫోన్ చేశాడు, డబ్బా చేరింది, ఒక్కటి కూడా విరగలేదట. తింటూనే మాట్లాడుతున్నాడు, కొరుకుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. “అమ్మా, ఇవి నువ్వు చేసినవి కావు కదా” అన్నాడు. అమ్మ నా వైపు చూసి, “రెండో పాకం నేనే చూశానురా, అవి ఇక్కడున్నాయి” అంది. వాడికి కోపమొచ్చింది.

నంబర్ అడగొద్దు, ఇక్కడ పెట్టొద్దని అక్కే చెప్పింది, ఉన్న ఇళ్ళకే చెయ్యలేకపోతోందట. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో అడగండి, ఇలాంటివాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. వచ్చే ఏడాదికి నా బుకింగ్ మాత్రం ఇప్పుడే చెప్పేశాను: నాలుగు కిలోలు ఇంటి పాకం, ముందు అదే మొదలుపెట్టాలి, ఒక కిలో అమెరికా పాకం ఆఖర్న, ఆ రోజు మొదటి ఇల్లు మాదే.