మొదటిసారి గుర్రం ఎక్కాలంటే: బీచ్ మేలా, రింగు మేలా, తోటల దారి మేలా?

మొదటిసారి గుర్రం ఎక్కాలనుకునే వాళ్ళ తలలో ఉండే బొమ్మ దాదాపు ఒక్కటే. పక్కన సముద్రం, కింద తడి ఇసుక, గుర్రం దౌడు, ఎగురుతున్న జుట్టు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మనకూ కొంత సముద్రతీరం వచ్చింది గానీ, గుర్రం మాటెత్తితే మనవాళ్ళు ఇప్పటికీ పట్టేది చెన్నై బస్సో, పుదుచ్చేరి రైలో, చిత్తూరు మీదుగా బెంగళూరు దారో. దొరికేవి మూడు రకాలు. ఒకటి, మెరీనా లాంటి బీచ్‌లో తాడు పట్టి తిప్పే చిన్న రౌండు. రెండోది, రైడింగ్ స్కూల్లో కంచె వేసిన రింగులో పాఠం. మూడోది, తీరం దగ్గరి పల్లెల్లో తోటల మధ్య మట్టి దారులమ్మట గైడు వెంట పోయే ట్రైల్ రైడ్. "యాడికి పోతే మేలన్నా?" అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. సముద్రాన్ని చివరికి పెట్టుకోండి. ముందు రింగు, ఆ వెంటనే తోటల దారి, ఇసుక సంగతి ఆ తర్వాత చూద్దాం.

బీచ్ రౌండును తీసిపారేయను. ఆరేళ్ళ పిల్లకు పది నిమిషాల గుర్రం చాలు, ఇంటికొచ్చి వారం రోజులు చెప్పుకుంటుంది. ఖర్చు తక్కువ, బేరం ఆడితే ఇంకా తగ్గుతుంది, ముందే బుక్ చేసుకునే పని లేదు. కానీ పెద్దవాళ్ళకు అందులో నేర్చుకునేది ఏమీ ఉండదు. తాడు గుర్రాన్ని తిప్పే ఆయన చేతిలో ఉంటుంది, గుర్రం ఆయన మాట వింటుంది, మీరు ఫొటో కోసం నవ్వుతూ కూర్చుంటారు. హెల్మెట్ అడిగితే వింతగా చూస్తారు. పాదం పెట్టుకునే రికాబులు మీ కాలి పొడవుకు సర్దే ఓపిక చాలామందికి ఉండదు, ఎందుకంటే వెనక ఇంకో నలుగురు వరుసలో ఉంటారు.

ఎక్కే ముందు ఒక్క నిమిషం గుర్రాన్ని చూడండి. పక్కటెముకలు లెక్కపెట్టేలా కనపడుతున్నాయా, జీను అంచు కింద పుండు ఉందా, ఒక కాలు ఆనించకుండా నిలబడిందా. వీటిలో ఏది కనపడ్డా ఎక్కొద్దు. పిల్ల ఏడ్చినా సరే, ఒక ఐస్‌క్రీమ్ కొనిపెట్టి వెనక్కి తీసుకొచ్చేయండి.

అసలు ఇబ్బంది ఇసుకతోనూ అలతోనూ. పొడి ఇసుకలో గిట్ట దిగబడుతుంది, గుర్రం తొందరగా అలిసిపోతుంది, కండను ఎముకకు కట్టి ఉంచే కాలి స్నాయువుల మీద భారం పడుతుంది. నీటి అంచున గట్టిపడ్డ తడి ఇసుక నడకకు బాగుంటుంది గానీ, అలలొచ్చేది కూడా అక్కడికే. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. ముక్కుకు సరిగ్గా ఎదురుగా కాస్తంత, తోకకు వెనక కాస్తంత మాత్రమే దానికి కనపడని చోట్లు. అంటే కాళ్ళ కిందికి పాక్కుంటూ వచ్చే నురగ కూడా దాని కంటబడుతుంది. అలవాటు లేని గుర్రం పక్కకు గెంతుతుంది. అలవాటున్న రౌతు నడుం దానితో పాటే కదులుతుంది, కొత్తవాడు నీళ్ళలో ఉంటాడు. ఇసుక మెత్తగా ఉంటుంది, పడినా ఏం కాదనుకోవడం కూడా తప్పే. తడిసి గట్టిపడ్డ ఇసుక మీద పడి చూస్తే తెలుస్తుంది.

రింగు చూడ్డానికి బోరు. నాలుగు వైపులా కంచె, మధ్యలో పొడవాటి తాడు పట్టుకుని ట్రైనర్, చుట్టూ తిరిగే గుర్రం, దాని మీద మీరు. ఫొటో తీసి స్టేటస్ పెట్టినా ఎవరూ పట్టించుకోరు. కానీ గుర్రం గురించి తెలిసేదంతా ఇక్కడే తెలుస్తుంది. జీనును పొట్ట కింద పట్టీతో బిగిస్తారు కదా, ఆ పట్టీ లాగేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. నాలుగడుగులు వేశాక గాలి వదిలేస్తే పట్టీ వదులవుతుంది, జీను పక్కకు జారుతుంది. అందుకే మంచి ట్రైనర్ కాసేపు నడిపించాక మళ్ళీ వచ్చి పట్టీలో వేలు పెట్టి చూసి, ఇంకో రంధ్రం బిగిస్తాడు. అలా చూడనివాడి దగ్గర ఎక్కకపోవడం మేలు.

ఎక్కడం ఎడమ వైపు నుంచి. ఎడమ చేత్తో పగ్గాలతో పాటు గుప్పెడు జూలు పట్టుకుని, ఎడమ కాలు రికాబులో పెట్టి లేచి, కుడి కాలు గుర్రం వీపుకు తగలకుండా తిప్పి, మెల్లగా కూర్చోవాలి. దభీమని కూలబడితే దాని నడుముకు దెబ్బ. రికాబులో పాదం ముందు భాగం మాత్రమే ఉండాలి, మడమ కిందికి దిగాలి. పడేటప్పుడు కాలు అందులో ఇరుక్కోకుండా కాపాడేది ఆ మడమే. కొత్తవాళ్ళందరూ బ్యాలెన్స్ కోసం పగ్గాలు లాగుతారు. పగ్గాల అవతలి కొస గుర్రం నోట్లో ఇనుప కళ్ళేనికి ఉంటుంది, లాగిన ప్రతిసారీ నొప్పి దానిది. భయమేస్తే జూలు పట్టుకోండి, అదేమీ అనుకోదు.

నడకలో ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది. ట్రాట్ మొదలవగానే సంగతి మారిపోతుంది. ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడే రెండు దెబ్బల పరుగు అది. ఒక దెబ్బకు లేచి, ఇంకో దెబ్బకు కూర్చోవాలి. ఆ లయ దొరికేదాకా వెన్నెముకలోని పూసలన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందే చెప్పి నడకతో సరిపెట్టుకోవాలి. అలిపిరి మెట్లెక్కిన మర్నాడు పిక్కలు పట్టేసినట్టే, ఇక్కడ తొడల లోపలి వైపు పట్టేస్తుంది.

ఇలా ఒక పాఠమైనా అయ్యాక తోటల దారిలో పడితే ఆ ఆనందమే వేరు. నడకలో గుర్రం గంటకు ఆరు కిలోమీటర్లు పోతుంది. గంట స్వారీ అంటే ఒక పల్లె పొలిమేర నుంచి ఇంకో పల్లె పొలిమేర దాకా. సరుగుడు తోటలు, తాటి వరుసలు, జీడిమామిడి కొమ్మలు, మధ్యలో ఎక్కడో ఉప్పుగాలి. సముద్రం కనపడకపోయినా అటువైపే ఉందని తెలుస్తుంటుంది. గైడు గుర్రం ముందుంటే మీది దాని తోకను చూసుకుంటూ పోతుంది. గుర్రం గుంపు జంతువు, తోడుంటే ధైర్యం. కాస్త సాగితే చుట్టూ చూసే ఓపిక, మీ గుర్రం చెవులను చూసే తీరిక వస్తాయి. రెండు చెవులూ ఒక వైపుకు నిక్కితే అక్కడేదో ఉందని అర్థం.

ఇక్కడా తలనొప్పులు లేకపోలేదు. వీధికుక్కలు, కంచెకు తగులుకుని రెపరెపలాడే పాలిథీన్ కవరు, వెనక నుంచి హారన్ కొట్టే బైకు. కొమ్మల కింద గుర్రం తన ఎత్తు చూసుకుంటుందే గానీ మీ ఎత్తు చూడదు, తల మీరే వంచుకోవాలి. ఇంటి మొహం పట్టగానే దాని అడుగు జోరందుకుంటుంది, దాణా గుర్తొస్తుంది మరి. అప్పుడే కొత్తవాళ్ళకు టెన్షన్. రింగులో ఆపడం నేర్చుకుని ఉంటే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది. అసలేమీ నేర్పకుండా నేరుగా దారి మీదికి తోలుకుపోయే ట్రైల్ రైడ్ కంటే, నా మట్టుకు మెరీనా రౌండే నయం. కనీసం అక్కడ తాడైనా ఉంటుంది.

రేటు చూసి స్కూళ్ళను వద్దనుకునేవాళ్ళు ఎక్కువ. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా. 400 కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల మేత కావాలి, ఆపైన లాడాలు, డాక్టరు, కాపలా. చవగ్గా తిప్పుతున్నారంటే వాటిలో ఏదో ఒకదానికి కోత పడినట్టే.

మన బరువు సంగతీ చూసుకోవాలి. జీనుతో కలిపి గుర్రం తన బరువులో అయిదో వంతు దాకా మోయొచ్చని సాధారణ లెక్క. ఆ 400 కిలోల గుర్రానికి 80 కిలోలు, అందులో జీనుకు ఎనిమిది పోతే మనిషికి మిగిలేది 72. బీచ్‌లో కనపడే చిన్నపాటి గుర్రాల మీద తొంభై కిలోల బాబాయిలు ఎక్కి కూర్చోవడం చూస్తే ఎవరి మీద జాలిపడాలో వేరే చెప్పక్కర్లేదు.

పులికాట్ సరస్సు అంచున, రాజహంసల పక్కన గుర్రం మీద పోతే ఎలా ఉంటుందని మనవాళ్ళలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ ఆశ వదిలేయండి. అది పక్షుల రక్షిత ప్రాంతం, పైగా ఎండినట్టు కనపడే చోట పెచ్చు కింద బురద ఉంటుంది. రాజహంసలను సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నుంచి చూసుకోవచ్చు.

తోటల దారికైనా, తీరానికైనా జనవరి, ఫిబ్రవరి నెలలే మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు దారులు బురదబురద. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడున్నరకే దిగేయాలి, మీ కోసం కాకపోయినా గుర్రం కోసం. లోపలి కుట్లు లావుగా ఉన్న జీన్స్ తొడలు ఒరుస్తుంది, సాగే ప్యాంటు మేలు. చెప్పులు, శాండల్స్ వద్దు, చిన్న మడమున్న షూ వేసుకోండి. కొండ మీద గుండు చేయించుకుని నేరుగా పోయేవాళ్ళు హెల్మెట్ కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకోండి, లేకుంటే చెమటకు మంట.

బుక్ చేసే ముందు ఫోన్లో రేటు ఒక్కటే కనుక్కుని పెట్టేయకండి. హెల్మెట్ ఇస్తారా, దారి మీదికి పోయేముందు రింగులో ఎంతసేపు ఉంచుతారు, ఒక్క గైడు ఎంతమందిని తీసుకెళ్తాడు, ఇవి అడగండి. మీరు అడక్కముందే అవతలివాళ్ళు మీ బరువెంత, ఇంతకుముందు ఎప్పుడైనా ఎక్కారా అని అడిగితే, రేటు కాస్త ఎక్కువైనా అక్కడికే పోండి.