పీహెచ్‌డీ గైడ్‌గా సీనియర్ ప్రొఫెసరా, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసరా?

సీటు వచ్చాక అందరూ అడిగేది ఇదే.

సమయం: యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది స్కాలర్లు ఉండొచ్చు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మందే. దానికి తోడు సీనియర్లకు డీన్ పదవులు, సెలెక్షన్ కమిటీలు ఉంటాయి. చాప్టర్ ఇచ్చి నెల దాటినా పేజీ తిప్పని సందర్భాలుంటాయి. కొత్తవారు చాలామంది వాక్యం వాక్యం దిద్ది, మార్జిన్‌లో ‘ఈ లెక్కకు ఆధారం ఏది?’ అని రాసి వెనక్కిస్తారు. థీసిస్ బాగుపడేది అలాంటి ప్రశ్నలతోనే.

పలుకుబడి: ఇక్కడ సీనియర్‌దే పైచేయి. ల్యాబ్, ప్రాజెక్టు నిధులు, రికమెండేషన్ లెటర్‌కు బరువు, ఆఫీసులో ఫైలు కదలడం, అన్నీ తేలిక.

రిస్క్: సీనియర్ మధ్యలో రిటైర్ కావచ్చు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్లలోపే మిగిలి ఉంటే కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. కానీ పీహెచ్‌డీకి ఆరేళ్లు పట్టొచ్చు, లెక్క చూసుకోండి. రిటైరయ్యాక 70 ఏళ్లు నిండేదాకా కో-సూపర్‌వైజర్‌గా (సహ గైడ్‌గా) కొనసాగవచ్చు. కొత్తవారైతే మరో యూనివర్సిటీకి వెళ్లిపోవచ్చు.

ఎవరైనా సరే, ముందు వాళ్ల పాత స్కాలర్లను కలవండి. థీసిస్ ఎన్నాళ్లకు సబ్మిట్ చేశారో, సంతకం కోసం ఎన్నిసార్లు తిరిగారో అడగండి. ఈ ఒక్క పని మాత్రం మానకండి.

టాపిక్ స్పష్టంగా ఉండి, సొంతంగా రాయగలిగి, ఖరీదైన పరికరాలు కావాల్సినవాళ్లకు సీనియర్ నయం. పరిశోధన పద్ధతి మొదటినుంచీ నేర్చుకోవాల్సినవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో మొదటితరం చదువరులు, కొత్తవారి దగ్గర చేరడమే మంచిదని నా అభిప్రాయం.