ఆడిస్ అబాబా మ్యూజియంలో బయటి గైడు వద్దే వద్దు

ఇథియోపియా నేషనల్ మ్యూజియం తప్పకుండా చూడండి. కానీ గేటు బయట ‘గైడ్, గైడ్’ అంటూ వెంటపడేవాళ్లకి ఒక్క బిర్ (అక్కడి కరెన్సీ) కూడా ఇవ్వకండి. మా దగ్గర ఒకతను 20 డాలర్లు అడిగి, బేరమాడితే 1,000 బిర్‌లకి దిగాడు. అదీ దండగే.

ఆడిస్‌లో ఆగడమే మా బావగారి కోసం. ఆయన రిటైరైన జువాలజీ లెక్చరర్. 1974లో ఇథియోపియాలోని హడార్ దగ్గర దొరికిన, మనిషి పూర్వీకుల తరహా జీవి ‘లూసీ’ అస్థిపంజరం గురించి సర్వీసంతా పాఠం చెప్పిన మనిషి. గైడు మమ్మల్ని సెల్లార్‌లోకి దింపి, అద్దాల పెట్టె ముందు నిలబెట్టి, ‘‘ఇవే అసలు ఎముకలు, ఫొటో తీసుకోండి’’ అన్నాడు. బావగారు కళ్లజోడు సర్దుకుని, ‘‘బాబూ, ఇది నకలు. అసలువి లోపల భద్రంగా దాచి ఉంచుతారు. 2007లో అమెరికా వెళ్లాయి, 2025లో ప్రాగ్ వెళ్లాయి’’ అన్నారు. వాడు ఒప్పుకుంటేగా! ‘‘ఇవీ అసలువే సార్’’ అని నవ్వాడు. మా ఆవిడ నా చెవిలో, ‘‘డబ్బులు వాడికి, పాఠం అన్నయ్యది’’ అంది.

నకలైనా చూడాల్సిందే. గోధుమరంగు ముక్కలు వరసగా పడుకోబెట్టి ఉంటాయి, మొత్తం ఎముకల్లో దాదాపు 40 శాతం. పక్కనే నిలబెట్టిన ఆకారం మూడున్నర అడుగులు, మా ఆవిడ మోచేతి దాకా వచ్చింది. ‘‘తల చింపాంజీదంతే, నడుం కింద మాత్రం మనమే’’ అంటూ బావగారు వెడల్పాటి కటి ఎముక చూపించారు. 32 లక్షల ఏళ్ల కిందటే రెండు కాళ్ల మీద నడిచింది, మెదడు పెరగడం చాలా తర్వాత సంగతి. ఇథియోపియాలోనే డికికా అనే చోట దొరికిన సెలామ్ అనే పసిపాప శిలాజాన్ని ‘లూసీ బిడ్డ’ అంటారు గానీ, ఆ పాపే లూసీ కన్నా లక్ష ఏళ్లు ముందుది! ఇవన్నీ బావగారు చెప్పినవి. గైడు అప్పటికే ఫోన్లో పడ్డాడు. పైన ఒకప్పటి చక్రవర్తి హైలే సెలాసీ సింహాసనం, పెయింటింగులు ఉన్నాయి, త్వరగానే అయిపోయాయి.

అసలు ఆనందం భోజనంలో దొరికింది. హోటల్లో వెజిటేరియన్ అంటే పూటపూటా ఆలూ చిప్సే పెట్టారు. ఆ రోజు శుక్రవారం. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు మాంసం, పాలు, గుడ్లు ముట్టరట. మ్యూజియం దగ్గర ఒక చిన్న హోటల్లో ‘ఫాస్టింగ్ ఫుడ్’ అనగానే పెద్ద పళ్లెంలో ఇంజెరా పరిచి, దాని మీద ఎర్రపప్పు, శనగపిండి కూర, ఆకుకూర, క్యాబేజీ కుప్పలుగా వడ్డించారు. ఇంజెరా అంటే టెఫ్ అనే అక్కడి చిరుధాన్యం పిండి పులియబెట్టి పోసిన అట్టు లాంటిది, పైనంతా చిల్లులు, పుల్లపుల్లగా ఉంటుంది. ఎర్రపప్పు కారం మన నాలుకకి సరిగ్గా సరిపోయింది. పళ్లెం 380 బిర్. అందరూ ఒకే పళ్లెంలో తినాలట. ఎంగిలి అని బావగారు ముఖం చిట్లించి, విడిగా ఇంకోటి తెప్పించుకున్నారు. మొత్తం ఊడ్చేశారు.

టాక్సీ సంగతి కూడా రాసి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు హోటల్ కారుకి 1,800 బిర్ అయింది. తిరిగొచ్చేటప్పుడు ఫోన్లో యాప్‌తో పిలిస్తే అదే దూరానికి 430. ఆ తేడా గురించి బావగారు రిసెప్షన్లో అరగంట వాదించారు, పైసా తిరిగి రాలేదు.