రేవెన్స్ 14వ ఎంపిక: 2022 డ్రాఫ్ట్‌లోని కాలేజీ సేఫ్టీలపై సమీక్ష

2022 ఏప్రిల్ 28న లాస్ వేగస్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం, మొదలైనప్పుడు బాల్టిమోర్ రేవెన్స్ జట్టు చేతిలో 14వ ఎంపిక ఉంది. జనరల్ మేనేజర్ ఎరిక్ డికోస్టా దానితో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయ ఆటగాడు కైల్ హామిల్టన్‌ను తీసుకున్నాడు. ఉద్యోగరీత్యా మేరీల్యాండ్‌లో స్థిరపడి, ఈ జట్టును సొంత జట్టుగా భావించే తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ వసంతకాలమంతా కాలేజీ సేఫ్టీల ఆటను దొరికినంత మేరకు మళ్లీ మళ్లీ చూసి, ఎవరు వస్తే బాగుంటుందో కాగితం మీద రాసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఆ కాగితాన్నీ, ఆటగాళ్ల దారులు తిరిగిన తీరునూ పక్కపక్కన పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. బంతి కదిలిన మొదటి క్షణంలో సేఫ్టీ ఏ వైపు అడుగు వేశాడన్నదే అతని విలువను నిర్ణయిస్తుంది. డ్రాఫ్ట్‌కు ముందు పరీక్షించే 40 గజాల పరుగుకు మనం ఇచ్చే ప్రాధాన్యం దానికి ఇవ్వవలసిన దానికంటే చాలా ఎక్కువ.

అమెరికన్ ఫుట్‌బాల్‌తో పెద్దగా పరిచయం లేనివారి కోసం ఒక మాట. సేఫ్టీ అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడే ఆటగాడు. ముందున్న తొమ్మిదిమందీ, పదిమందీ తప్పు చేసినా చివర్లో ఆ తప్పును ఆపవలసినవాడు అతనే. క్రికెట్‌లో మంచి బౌండరీ ఫీల్డర్ బంతి బ్యాట్‌ను తాకకముందే బ్యాట్ దిగే కోణం చూసి కదిలినట్టు, మంచి సేఫ్టీ, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ భుజం తిరిగే తీరు చూసి కదులుతాడు. చిక్కేమిటంటే టీవీ ప్రసారంలో ఈ కదలిక మనకు కనబడదు. కెమెరా బంతి చుట్టూ తిరుగుతుంది. స్నాప్ సమయానికి, అంటే బంతి ఆటలోకి వచ్చే క్షణానికి, సేఫ్టీ చాలాసార్లు తెర బయటే ఉంటాడు. మైదానంలోని ఇరవైరెండు మందినీ ఒకేసారి చూపే ఎత్తైన కోణంలోని దృశ్యం దొరికితే తప్ప, ఒక కాలేజీ సేఫ్టీ గురించి ఖాయంగా మాట్లాడటం సాహసమే. నేను ప్రసారం చూసి రాసుకున్న అభిప్రాయాల్లో సగానికి సగం, ఎత్తైన కోణం నుంచి చూశాక మార్చుకోవలసి వచ్చింది.

కాలేజీ మైదానానికీ వృత్తి మైదానానికీ ఉన్న తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మైదానం మధ్యలో బంతిని ఉంచే హద్దులను సూచించే గీతలను హ్యాష్ మార్కులంటారు. కాలేజీలో రెండు హ్యాష్‌ల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు మాత్రమే. అందువల్ల కాలేజీలో బంతి ఒక పక్క హ్యాష్ మీద ఉన్నప్పుడు రెండో పక్క విశాలమైన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీని కాపాడే సేఫ్టీ చాలా దూరం పరుగెత్తవలసి వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి దాదాపు మధ్యలోనే ఉంటుంది కనుక పరుగెత్తవలసిన దూరం కొంత తగ్గుతుంది, కానీ దాడి ఏ పక్కకైనా సమానంగా సాగవచ్చు కనుక ముందుగా ఊహించడం కష్టమవుతుంది. ఇరుకైన పక్కనే ఎక్కువగా ఆడి మంచి పేరు తెచ్చుకున్న సేఫ్టీని, విశాలమైన పక్క ఆడినవాడితో ఒకే గాటన కట్టి చూడకూడదు. నేను చదివిన చాలా అంచనాల్లో ఈ తేడా ప్రస్తావనే లేకపోవడం నన్ను బాధించింది.

ఇక హామిల్టన్ విషయానికి వస్తాను. 2021 సెప్టెంబరు 5న టలహాసీలో ఫ్లోరిడా స్టేట్‌తో నోటర్‌డేమ్ సీజన్ తొలి మ్యాచ్ ఆడి, అదనపు సమయంలో 41–38తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో అతను రెండు ఇంటర్‌సెప్షన్లు చేశాడు, అంటే ప్రత్యర్థి తనవాళ్లకు విసిరిన బంతిని రెండుసార్లు తానే పట్టుకున్నాడు. వాటిలో ఒకదాన్ని నేను ఇరవైసార్లకు తక్కువ కాకుండా చూసి ఉంటాను. బంతి ఒక పక్కగీత వైపు లోతుగా వెళ్తుంది, హామిల్టన్ మైదానం అవతలి భాగం నుంచి పరుగు మొదలుపెడతాడు. బంతి గాలిలో ఉండగా ప్రసారంలో అతని జాడే ఉండదు, చివరి ఘడియలో తెర అంచు నుంచి ఒక పొడవాటి మనిషి దూసుకువచ్చి, రిసీవర్‌కు అందవలసిన బంతిని పక్కగీత లోపలే చేజిక్కించుకుంటాడు. ఆ దూరాన్ని కేవలం కాళ్ల వేగంతో దాటడం ఎవరి తరమూ కాదు. క్వార్టర్‌బ్యాక్ చెయ్యి ముందుకు రాకముందే అతను బయలుదేరి ఉండాలి. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, 220 పౌండ్ల బరువు ఉన్న మనిషి, తడబాటు లేకుండా, వంకర దారి పట్టకుండా, బంతి దిగబోయే చోటికి నేరుగా గీత గీసినట్టు వెళ్లాడు. ఆ ఒక్క ఆటతోనే నా కాగితంలో అతని పేరు పైకి వెళ్లింది, మళ్లీ కిందికి దిగలేదు.

చాలామంది అంచనాల్లో మాత్రం దిగింది. మార్చి నెలలో ఇండియానాపొలిస్‌లో, డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ల వేగాన్నీ బలాన్నీ కొలిచే కంబైన్‌లో అతను 40 గజాలను 4.59 సెకన్లలో పరుగెత్తాడు. తర్వాత కళాశాలలో జరిగిన పరీక్షలో ఇంకా నెమ్మదించాడని వార్తలు వచ్చాయి. అదే కంబైన్‌లో జార్జియా సేఫ్టీ లూయిస్ సైన్ 4.37, మిషిగన్ ఆటగాడు డాక్స్‌టన్ హిల్ 4.38, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన నిక్ క్రాస్ 4.34 నమోదు చేశారు. సైన్‌కూ హామిల్టన్‌కూ తేడా సెకనులో 22 శతాంశాలు. ఆ వేగంతో చూస్తే నలభై గజాల దూరానికి సుమారు రెండు గజాల తేడా వస్తుంది. ఒక సేఫ్టీ మొదటి అడుగు తప్పు వైపు వేసి వెనక్కి తిరిగితే పోయేది కూడా దాదాపు అంతే, ఆ తప్పును ఏ గడియారమూ పట్టుకోలేదు. అదే కంబైన్‌లో హామిల్టన్ నిలువుగా 38 అంగుళాలు, ముందుకు పది అడుగుల పదకొండు అంగుళాలు దూకాడు. అంత ఎత్తు, బరువు ఉన్నవాడికి అవి అసాధారణమైన అంకెలే అయినా వాటి గురించి ఎక్కువమంది మాట్లాడలేదు.

గాయం గురించిన సందేహాన్ని మాత్రం నేను తీసిపారేయలేదు. 2021 అక్టోబరులో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ తగిలి అతను మిగతా సీజన్‌కు దూరమయ్యాడు. ఏడు మ్యాచ్‌లే ఆడిన ఆఖరి సీజన్‌తో ఒక ఆటగాణ్ణి పై వరసలో తీసుకోవడంలో నిజమైన ప్రమాదం ఉంది. అయితే మూడేళ్లలో ఎనిమిది ఇంటర్‌సెప్షన్లు చేసిన చరిత్ర అప్పటికే ఉంది కనుక ఆ ప్రమాదం భరించదగినదే అనుకున్నాను.

మిగతావారిలో లూయిస్ సైన్‌ను అంచనా వేయడం నాకు అన్నిటికంటే కష్టమైంది. అతను ఆడిన 2021 జార్జియా జట్టు జాతీయ విజేత. ఆ డిఫెన్స్ నుంచి సైన్‌తో కలిపి అయిదుగురు ఆ డ్రాఫ్ట్ మొదటి రౌండులోనే ఎంపికయ్యారు. ముందు వరసలో అంత బలం ఉన్నప్పుడు ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌కు నిలబడి చూసే వ్యవధే దొరకదు, తొందరగా వదిలిన బంతి వెనక సేఫ్టీ చేసిన పనిలో అతని సొంత తెలివి ఎంతో, ముందున్నవాళ్ల పుణ్యం ఎంతో వేరు చేసి చెప్పలేం. మిన్నెసోటా వైకింగ్స్ 12వ స్థానంలో ఉండి, అప్పటికి హామిల్టన్ అందుబాటులోనే ఉండగా, ఆ స్థానాన్ని డిట్రాయిట్ లయన్స్‌కు ఇచ్చి 32కు దిగి సైన్‌ను తీసుకుంది. ఆ అక్టోబరులో లండన్‌లో జరిగిన మ్యాచ్‌లో అతని కాలు విరిగింది. 2024 ఆగస్టులో ఆ జట్టు అతణ్ణి వదులుకుంది. అంతటి గాయాన్ని ఆటగాడి తప్పుగా గానీ, ఎంపిక తప్పుగా గానీ లెక్కించడం అన్యాయం. నేను ప్రశ్నించేది 12 నుంచి దిగిపోవడాన్ని మాత్రమే.

డాక్స్‌టన్ హిల్ సంగతి బాల్టిమోర్‌కు దగ్గరిది. రేవెన్స్ అప్పటి కొత్త డిఫెన్స్ కోఆర్డినేటర్ మైక్ మెక్‌డొనాల్డ్ అంతకు ముందు ఏడాది మిషిగన్‌లో అదే బాధ్యతలో ఉండి హిల్‌ను స్వయంగా ఆడించాడు. తన చేతికింద ఆడిన కుర్రాణ్ణి అడిగే అవకాశం ఉన్న చోట జట్టు హామిల్టన్ వైపు మొగ్గడం నాకు ఆనాడే ధైర్యాన్నిచ్చింది. హిల్ 31వ ఎంపికగా సిన్సినాటికి వెళ్లి, తర్వాత పక్కల్లో రిసీవర్లను కాచే కార్నర్ స్థానానికి మారాడు. బేలర్‌కు చెందిన జేలెన్ పీట్రీ, పెన్ స్టేట్‌కు చెందిన జక్వాన్ బ్రిస్కర్ రెండో రౌండులో వెళ్లారు, ఇద్దరూ నా కాగితంలో నికరమైన ఆటగాళ్లే.

నేను ఘోరంగా తప్పిన పేరు ఇల్లినాయ్‌కి చెందిన కెర్బీ జోసెఫ్. 2021లో అయిదు ఇంటర్‌సెప్షన్లు చేసినా, ఒక్క సీజన్ వెలుగు అనుకుని నేను అతణ్ణి బాగా కింద రాశాను. డిట్రాయిట్ మూడో రౌండులో 97వ స్థానంలో తీసుకుంది. 2024లో అతను తొమ్మిది ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లోనే ముందు నిలిచి, ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్ల జాబితా అయిన ఆల్‌ప్రో మొదటి జట్టులో చోటు సంపాదించాడు. మళ్లీ వెనక్కి వెళ్లి అతని కాలేజీ ఆట చూస్తే, నేను అదృష్టమనుకున్న ఇంటర్‌సెప్షన్లలోనూ బంతికంటే ముందే కదిలిన పాదాలు కనిపించాయి. నా కొలమానాన్ని నేనే సరిగా వాడలేదన్నమాట.

టాకిల్ గురించి కూడా చెప్పాలి. ఈ మాట మనకు కబడ్డీ వల్ల బాగా తెలుసు. తొందరపడి కాలు పట్టబోయిన డిఫెండర్ ఎలా మోసపోతాడో, ఖాళీ మైదానంలో ముందుగానే గాలిలోకి దూకిన సేఫ్టీ అలాగే మోసపోతాడు. పొడవైనవాడికి నడుము కిందికి వంగడం కష్టం కనుక హామిల్టన్‌లో నేను భయపడింది ఇక్కడే. నోటర్‌డేమ్ ఆటల్లో అతను చివరి రెండడుగులు చిన్నవి చేసి, రన్నర్‌ను పక్కగీత వైపు తరిమి, ఆ తర్వాతే పట్టుకోవడం చూసి నా భయం తగ్గింది.

మొదటి సీజన్ సుఖంగా సాగలేదు. 2022 సెప్టెంబరు 18న మయామీ మీద చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి 35–14తో ముందున్న రేవెన్స్, 42–38తో ఓడిపోయింది. మయామీ రిసీవర్ టైరీక్ హిల్ 48, 60 గజాల టచ్‌డౌన్లు (బంతితో ప్రత్యర్థి చివరి గీత దాటడం) చేశాడు, వెనక ఎవరు ఉండాలన్న సమన్వయం పూర్తిగా దెబ్బతింది. విమర్శల్లో ఎక్కువ భాగం కొత్తవాడైన హామిల్టన్ మీదే పడింది. ఆ రాత్రి నిద్రపట్టనంత బాధ కలిగింది. అదే మార్చిలో మార్కస్ విలియమ్స్‌తో అయిదేళ్లకు ఏడు కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని, చక్ క్లార్క్ కూడా ఉండగా, మూడో సేఫ్టీని స్లాట్‌లో, అంటే లోపలి రిసీవర్‌కు ఎదురుగా, ఎక్కువగా వాడటం సరైనదేనా అని నాకు అనుమానం కలిగింది. వాడకం పరంగా ఈ ఎంపికకు నేను పెట్టే తప్పు ఇదొక్కటే: మొదటి ఏడాది అతని స్థానం ఏదో స్పష్టంగా నిర్ణయించలేదు.

2023లో క్లార్క్‌ను న్యూయార్క్ జెట్స్‌కు పంపాక ఆ ఇరుకు పోయింది. సెప్టెంబరులో ఇండియానాపొలిస్ కోల్ట్స్ మీద ఒకే అర్ధభాగంలో మూడుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టిన హామిల్టన్, అదే సీజన్‌లో నాలుగు ఇంటర్‌సెప్షన్లు కూడా చేసి ఆల్‌ప్రో మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. ఆ ఏడాది ప్రత్యర్థులకు అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ రేవెన్స్‌దే. 2025 ఆగస్టులో నాలుగేళ్లకు 10 కోట్ల 4 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకున్నప్పుడు సేఫ్టీలలో అంతకు మించిన పారితోషికం ఎవరికీ లేదు. 2002లో 24వ ఎంపికగా, తర్వాత దిగ్గజ సేఫ్టీగా ఎదిగిన ఎడ్ రీడ్‌ను తీసుకున్న ఊరిలో సేఫ్టీ గురించి అంచనాలు ఎప్పుడూ ఎత్తుగానే ఉంటాయి. ఆ అంచనాలకు తగిన మనిషి మళ్లీ దొరికాడని నేను నమ్ముతున్నాను.

రాబోయే డ్రాఫ్ట్ కోసం కాలేజీ సేఫ్టీలను చూడదలచినవారు ఒక్కొక్కరి మూడు పూర్తి మ్యాచ్‌లనైనా ఎత్తైన కోణం నుంచి చూడాలని నా సూచన. స్నాప్ అయిన మరుక్షణం దృశ్యాన్ని ఆపి, బంతి ఏ హ్యాష్ మీద ఉందో, సేఫ్టీ ఏ పక్క నిలబడ్డాడో, అతని మొదటి అడుగు ఎటు పడిందో రాసుకోండి, ఆ తర్వాతే ముందుకు నడపండి. కంబైన్ అంకెలు రాసుకునే కాలమ్‌ను మాత్రం ఆ పని అంతా పూర్తయ్యేదాకా ఖాళీగా ఉంచండి.