జాగ్రత్త: "ఉతికే పంపుతున్నాం" అని అమ్మే ఆకుపచ్చ అద్దకం గుడ్డలు

బొంతల కోసం ఆన్‌లైన్‌లో చేతి అద్దకం ఆకుపచ్చల కట్ట కొనబోయేవాళ్ళు ఇది చదివి కొనండి. చిలకపచ్చ నుంచి ముదురాకుపచ్చ దాకా ఎనిమిది ఛాయలు, రంగు పోదన్న హామీ. తీరా తడిపితే నీళ్ళు నీలంగా దిగాయి. తెలుపుతో కలిపి కుట్టిన బ్లాకు (ముక్కలు అతికి చేసే చదరం, ఇలాంటివి కలిపితేనే బొంత) మొత్తం మచ్చలే. వాపసు అడిగితే "కత్తిరించిన గుడ్డ తీసుకోం" అన్నారు.

ఇలాంటి అద్దకానికి వాడే రియాక్టివ్ రంగు (నూలుతో రసాయనికంగా అతుక్కునే రంగు) సోడా యాష్ అనే క్షారం ఉంటేనే నూలును పట్టుకుంటుంది. పట్టని రంగు కొంత గుడ్డలోనే నిలిచిపోతుంది. దాన్ని ముందు చన్నీళ్ళలో, తర్వాత బాగా వేడినీళ్ళలో, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఆ పనే ఎగ్గొట్టారు. పైగా ఆకుపచ్చలో తరచుగా కలిపే టర్కాయిస్ నీలం నిదానంగా పడుతుంది, మిగతావాటికన్నా ఎక్కువ కారుతుంది. ఉప్పునీళ్ళు, వెనిగర్ అని అమ్మినవాళ్ళు సలహా ఇస్తారు. ఈ రంగు వాటికి లొంగదు.

"సహజ రంగు" అంటే ఇంకో అనుమానం. నీలిమందు, పసుపుఛాయ ఒకదానిపై ఒకటి వేసి ఆకుపచ్చ తెస్తారు. ఆ ఛాయ దానిమ్మ తొక్కదైతే నయం, వంట పసుపుదైతే ఎండకు ఎగిరిపోయి నీలం మిగులుతుంది. ఓ మూల వాషింగ్ సోడా నీళ్ళ చుక్క వేసి చూడండి. ఎర్రబారితే పసుపే (కుంకుమ చేసే ఇళ్ళలో ఇది చెప్పక్కర్లేదు).

కొలతలోనూ మోసమే. ఒక్కో గుడ్డ 18×22 అంగుళాలని రాశారు, వచ్చింది 17½×20½. ఉతికాక పొడవు 20కి లోపే. 12 అంగుళాల బ్లాకుకి, 3 అంగుళాల సగం-సగం త్రిభుజాల చదరాలు (ఐమూలగా ఒక సగం ఆకుపచ్చ, ఒక సగం తెలుపు) 16 కావాలి. అందుకు 4 అంగుళాల చదరాలు ఆకుపచ్చవి 8, తెల్లవి 8 కోస్తాం. ఒక్కో జతను కలిపి కుట్టి ఐమూలగా కోస్తే రెండేసి వస్తాయి, మిగతా గుడ్డ కుట్టు అంచులకు పోతుంది. ఒక్కో గుడ్డలో ఆ 4 అంగుళాల చదరాలు 20 రావలసినవి 16తో సరి.

కట్ట రాగానే కత్తెర పెట్టకండి. ప్రతి గుడ్డ అంచునా తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. ఆ అంచునే, తెల్ల కాటన్ పీలికతో పాటు, గాజు గ్లాసులో వేడినీళ్ళు పోసి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి అరగంట ముంచి ఉంచండి. ఛాయకో గ్లాసు, అన్నీ ఒకదాంట్లో వేస్తే దొంగ ఎవరో తెలియదు. పీలిక రంగు తేలితే ఫోటోతో సహా వెంటనే వాపసు పెట్టండి.

ఇప్పటికే కుట్టి, మచ్చలు పడ్డవాళ్ళు దాన్ని ఆరనివ్వకండి, ఇస్త్రీ చెయ్యకండి. పెద్ద టబ్బు నిండా వేడినీళ్ళు, అదే లిక్విడ్, బ్లాకు పూర్తిగా మునిగేలా రాత్రంతా. నీళ్ళలో రంగు కనిపించినంతకాలం మార్చి మళ్ళీ నానబెట్టండి. బ్లీచింగ్ జోలికి మాత్రం పోవద్దు, మచ్చతో పాటు ఆకుపచ్చా పోతుంది.