సోషల్ వర్క్‌ పీజీలో చేరేముందు ఫీల్డ్ వర్క్ సంగతి అడగండి

సోషల్ వర్క్, మానవ వికాసం కలిపి బోధించే రెండేళ్ల పీజీ కోర్సు ఈమధ్యే పూర్తి చేశాను. చేరేముందు సిలబస్ చూశాను, లైబ్రరీ చూశాను, అధ్యాపకులు ఎందరో కనుక్కున్నాను. ఫీల్డ్ వర్క్, అంటే సంస్థలకు వెళ్లి మనుషుల మధ్య చేసే పని, ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు అని అడగాలని మాత్రం తట్టలేదు. కోర్సు బాగోగులన్నీ అక్కడే తేలతాయని తరవాత తెలిసింది.

వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్. నన్ను మొదట ఒక వృద్ధాశ్రమానికి పంపారు. (గోప్యత కోసం కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.) అక్కడ ఎనభై దాటిన ఒకావిడతో అరగంట మాట్లాడి వచ్చి, ఆ సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాటగా రాయాలి. దీన్ని ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. పేజీని మూడు భాగాలుగా గీసుకుని ఆవిడ అన్నది ఒకచోట, నేను అన్నది ఒకచోట, ఆ క్షణాన నా మనసులో మెదిలింది ఒకచోట రాస్తాం. నా మొదటి రికార్డింగ్ నాలుగు పేజీలు వచ్చింది. సూపర్‌వైజర్ మేడమ్ మొత్తం చదివి ఒక్కచోట ఎర్ర సిరాతో గీత గీశారు. "మా అబ్బాయి వస్తానని చెప్పి ఏడాదైంది" అని ఆవిడ అంటే, "తప్పకుండా వస్తారమ్మా, బెంగ పెట్టుకోకండి" అని నేనన్న చోటు అది.

"ఈ మాట ఆవిడ కోసం అన్నావా, వినడం నీకు కష్టమై అన్నావా?" అని అడిగారు మేడమ్. "ఆ తరవాత ఆవిడ కొడుకు ఊసెత్తిందేమో చూడు."

చూశాను. ఎత్తలేదు. ఓదారుస్తున్నాననుకుని ఆవిడ చెప్పబోయేది చెప్పనివ్వలేదు. కేస్ వర్క్‌కు, అంటే ఒక్కో మనిషితో విడిగా మాట్లాడి సాయపడే పనికి, సోషల్ వర్క్ అధ్యాపకుడు ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాలను అప్పటికే పరీక్షలో తడుముకోకుండా రాసి ఉన్నాను. ఎదుటి మనిషిని తన మనసులోని భావాన్ని, అది ఎంత చేదైనా, బయటపెట్టనివ్వాలన్నది వాటిలో ఒకటి. దాని అర్థం నాకు ఆ ఎర్ర గీత దగ్గర తెలిసింది. తరవాతి వారం ఆవిడ మళ్లీ కొడుకు మాట ఎత్తినప్పుడు నేను ఊరుకున్నాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. కొడుకుతో మొదలుపెట్టి, తాను చదువు మానేసిన రోజు దాకా వెళ్లారు.

మనిషి జీవితంలో మనసు ఎదిగే క్రమానికి మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ చెప్పిన ఎనిమిది దశల్లో చివరిది, వృద్ధాప్యానిది, నాకు అప్పుడు కళ్లకు కట్టింది. గడిచిన జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకుని, ఇది నా జీవితమే అని ఒప్పుకోగలగడం ఒక వైపు, వృథా అయిపోయిందన్న నిరాశ మరో వైపు. ఆవిడ ఆ అరగంటలోనే రెండు వైపులకూ వెళ్లి వచ్చారు. మానవ వికాసం పేపర్లో మేం ఈ దశలను ఒక పట్టికగా బట్టీ పట్టాం. మా కోర్సులో నాకు బాగా అసంతృప్తి కలిగించింది ఇదే. పేపరంతా మొదటి సెమిస్టర్‌లోనే ముగిసిపోయింది. పిల్లల వసతి గృహానికి రెండో సెమిస్టర్‌లో వెళ్లాం. కొత్తగా వచ్చిన ఎవరినైనా పరుగున వచ్చి కౌగిలించుకునే ఏడేళ్ల బాబును చూసి నేను మురిసిపోయాను. మనిషి మనిషికీ తేడా లేని ఆ చనువు, నిలకడగా చూసుకునే ఒక్క మనిషి లేని పిల్లల్లో కనిపించే సంగతి అని నాకు స్ఫురించడానికి నెల పట్టింది. ఆ పాఠం అప్పుడు నడుస్తూ ఉంటే మొదటి రోజే తెలిసేది.

పరిశోధన పద్ధతుల పేపరు బాగుంది. సంస్థల నిర్వహణ పేపరు పలచన.

మూడో సెమిస్టర్ నన్ను చాలా బాధపెట్టింది. పంపిన సంస్థలో ఆరు వారాలు రిజిస్టర్లలో పేర్లు ఎక్కించాను. అప్పటి సూపర్‌వైజర్ నా రికార్డింగుల మీద తేదీ వేసి సంతకం పెట్టేవారు, చదివేవారు కాదు. గంటలు మాత్రం పూర్తయ్యాయి. అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి మాస్టర్స్‌కు కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ ఉండాలంటుంది. ఆ నియమం అవసరమే. అయితే చదివి ప్రశ్నించే మనిషి లేకపోతే అన్ని గంటల్లోనూ చేసిన తప్పే మళ్లీ చేస్తాం, ఆ తప్పు పడేది మనల్ని నమ్మి నోరు విప్పినవారి మీద.

మొదటి ఏడాదికి ఈ కోర్సును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. మీరు చేరాలనుకునే చోట ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది విద్యార్థులుంటారో, వారానికి ఒకసారైనా విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారో లేదో కనుక్కోండి. చివరి సెమిస్టర్ విద్యార్థులు దొరికితే ఇంకా మంచిది. రికార్డింగులు చూపించమనకండి, అవి గోప్యం. వాటి మీద సంతకం ఒక్కటే ఉంటుందా, ప్రశ్నలు కూడా ఉంటాయా అని మాత్రం అడగండి.